లోపల ఒగ్గిన అంగుళం

మిషను ఆపమంటాది మా దమయంతి.
"మార్పుకి పర్యాయపదాలు ఐదు రాయాలమ్మా,
రెండే తెలుసు, మిగతావి నువ్వు చెప్పు."

ఏడో క్లాసు సగంలో ఒగ్గీసిన దాన్ని, నన్నడుగుతాది!
నెల్లిమర్ల స్టేషను రోడ్డులో, కిళ్ళీ బడ్డీ పక్కన
ఇరవై రెండేళ్ళుగా కూచున్నాను.
కొత్తగుడ్డ కుట్టింది తక్కువ,
ఎవరో కుట్టింది విప్పి మళ్ళీ కుట్టిందే ఎక్కువ.
ఒక్కరైనా నా దగ్గరికొచ్చి
మార్పు కావాలి అనలేదు.

"కొంచెం వదులు చెయ్యప్పా" అన్నాది గౌరీశ్వరి.
ఐదో నెల. అత్తకింకా చెప్పలేదు,
నా టేపుకే ముందు తెలిసింది.
రాసుకో: వదులు.

"బిగించు" అన్నాడు తవిటయ్య,
మిల్లు గేటుకి తాళం పడ్డ నాలుగో నెల.
నడుం దగ్గర రెండంగుళాలు తీశాను.
ఎనిమిదో నెల వొచ్చాడు, ఇంకొకటి తీశాను,
వెనక జేబులు రెండూ ఒకదానికొకటి తగిలాయి.
తరవాత రాలేదు,
లుంగీకి నాతో పనేటి?
అదే ప్యాంటు ఆడి పెళ్ళాం తెచ్చి
కాళ్ళు కోసి రెండు సంచులు చెయ్యమంది,
కోటా బియ్యానికి.
దానికేటి మాటో నాకు తెల్దు.

"రూపాంతరం" అంటాది దమయంతి, పెన్ను కొరుకుతూ.
అబ్బో. సంచికి అంత పేరే!

జూన్ వొచ్చిందంటే స్కూలు గౌన్లు.
గుంటలు ఎదుగుతారు, గౌను ఎదగదు.
కింద మడత విప్పితే
ఎండ తగలని నీలం బయటపడతాది,
పైనంతా వెలిసిపోయి ఉంటాది, మధ్యలో చార.
ఆ చారలు లెక్కెట్టి
ఏ గుంట ఏ క్లాసో చెప్పీగలను.
దిద్దుబాటు అంటావో, సవరణంటావో,
చార మాత్రం పోదు. సర్ఫులో నానబెట్టినా పోదు.

ఒక మాట మాత్రం రాయొద్దు. సర్దుకుపోవడం.
నన్ను కాపరానికి పంపిన నాడు మా పెద్దప్ప అన్నాది,
ఏడాదికి మా మావ అన్నాడు,
తగువులో కూచున్న నలుగురు పెద్దలూ అన్నారు.
ఎవడూ టేపు పెట్టి కొలవలేదు.
కొలవకుండా సర్దితే
చంక కింద చిరుగుతాది,
చెయ్యెత్తినప్పుడే తెలుస్తాది.

"సార్ అదే రాయించాడమ్మా, రెండో నంబరు."
కొట్టీ.
"మార్కు పోద్ది."
పోనీ.

కొట్టలేదు. నేను చూడలేదనుకుంది.
సవరణ, సర్దుబాటు, పరివర్తన, రూపాంతరం,
నాలుగూ వరసగా, గుండ్రంగా.
"ఐదోది?"

పని నేర్పిన బాషా మాస్టరు
గుడ్డ కోసేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆపీవోడు.
"అంచుదాకా కొయ్యకమ్మా, లోపలొక అంగుళం ఒగ్గు.
ఈ ఒళ్ళు ఇలాగే ఉంటాదని నీకెవరు చెప్పారు?"
దానికి కూలి లేదు, ఎవరూ అడగరు, ఎవరికీ కనబడదు.
గౌరీశ్వరి జాకెట్టులో ఉన్నాది కాబట్టే
ఆ రోజు వదులు చెయ్యగలిగాను.
తవిటయ్య ప్యాంటుది మిల్లు కుట్టు,
అయినా అందులోనూ ఉన్నాది. పనికి రాలేదంతే.

ఆ అంగుళం పేరేటో ఆయనా చెప్పలేదు,
నేనూ అడగలేదు.
ఆయన పోయి ఆరేళ్ళు.

"పేరు లేంది ఎలగ రాస్తానమ్మా?"
రాయకు.
ఐదు అని అంకె వేసి
పక్కన కొంచెం చోటు ఒగ్గీ.

పలాస పాసింజరు వొచ్చినట్టున్నాది.
ఎవరైనా దిగుతారేమో, లైటు వెయ్యి.